తిరగేసిన మాట

అక్షరదోషాలుంటే సర్దుకుని చదవండి. నా రాత నిదానం. అంతలో ఈ కథలో దొంగ ఎక్కడికీ పారిపోడు లెండి.

రీలు పోయింది.

స్టూడియో బీరువాలో టేపు డబ్బా ఉంది. మూత ఉంది. లోపల ఖాళీ. ఆరింటికి ప్రదర్శన. ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి నాలుగు దాటింది.

"ఇంకో కాపీ లేదా?" అడిగింది ఆమె.

"లేదు మేడమ్," అన్నాడు గిటారిస్టు. "అది మా ఆవిడ ఆఖరి రికార్డింగ్. తర్వాత గొంతుకు ఆపరేషన్ అయింది. ఇక మాట రాదు."

గాయని మూల కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో పలక, చేతిలో బలపం. ఎవరి వైపూ చూడడం లేదు.

వాళ్లది మామూలు రాక్ సంగీతం కాదు. గిటారు మోతనూ, వీధి రొదనూ, మనిషి గొంతునూ టేపు మీద కోసి అతికిస్తారు. మాటలు రాసేది గాయని తమ్ముడు. అతని కవిత్వంలో వాక్యం ఉండదు, కామా ఉండదు. పేజీ నిండా చెల్లాచెదురుగా పదాలు. ఈసారి ఒక్క మాటే ఇచ్చాడు: "నటన". ఎటు నుంచి చదివినా అదే. గాయని దాన్ని ఒక్కసారి పలికి ఊరుకుంది. ఇవాళ వేదిక మీద ఆ రీలును వెనక్కి తిప్పి వినిపించాలని గిటారిస్టు పథకం.

"పోయిన ప్రదర్శన చూసి పత్రికలో ఏం రాశారో తెలుసా మేడమ్?" అన్నాడు డ్రమ్మర్. "ఇందులో అసలు కవి టేపే అని! మా కవిగారి మొహం మాడిపోయిందనుకోండి."

"నోర్ముయ్‌రా!" అన్నాడు కవి. "బృందం వదిలేసి పోతానని నిన్న గొడవ పడింది ఎవడు?"

"నేనే. అయితే? మా వదిన గొంతు ఎత్తుకుపోతానా?"

ఇన్‌స్పెక్టర్ కవి వైపు తిరిగింది.

"ఇతని మీద అనుమానమా?"

"అనుమానమేంటి మేడమ్, ఈ చెవులతో విన్నాను. మూడింటికి వీడి గది ముందు నుంచి పోతున్నా. లోపల మా రీలు వెనక్కి తిరుగుతోంది."

"వెనక్కే అని ఎలా తెలిసింది?"

"మిగతాదంతా గాలి లోపలికి పీల్చినట్టుంది. నా మాట ఒక్కటే చెక్కుచెదరలేదు. 'నటన' అని స్పష్టంగా వినబడింది."

"అంతకుముందు వెనక్కి తిప్పి విన్నారా?"

"బావ విననిస్తేగా! ప్రదర్శనలోనే వినమన్నాడు."

ఇన్‌స్పెక్టర్ ఖాళీ టేపు పెట్టమంది. మైకు ముందు నిలబడి "నటన" అంది. వెనక్కి తిప్పమంది.

స్పీకర్ పలికింది: "అనటన్."

"మళ్లీ."

"అనటన్."

కవి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"కాగితం మీద తిరగేస్తే 'న' అలాగే 'న'గా ఉంటుంది," అంది ఇన్‌స్పెక్టర్. "నోట్లో అది రెండు శబ్దాలు: ముందు 'న్', వెనక 'అ'. యంత్రానికి అక్షరాలు రావు. శబ్దాన్ని కొస నుంచి మొదటికి తిప్పేస్తుంది. రీలు వెనక్కి తిరగడం నిజంగా విన్నవాడికి 'నటన' వినబడదు. మీరు వినలేదు. మనసులో చదువుకున్నారు. రీలెక్కడ?"

"అమ్ముడుపోని నా పుస్తకాల కట్టలో," అన్నాడతను. "చెరపలేదు అక్కా. నీ మీద ఒట్టు."

"ఎందుకురా ఈ పని?" అన్నాడు గిటారిస్టు.

"అది నా మాట బావా! అందరూ నీ కత్తెరనే పొగిడారు. అక్క కూడా నీ టేపు విని ఏడ్చింది. నా పుస్తకం చదివి ఒక్కసారైనా ఏడ్చిందా?"

రీలు వచ్చింది. గిటారిస్టు గబగబా మెషిన్‌కి ఎక్కించాడు, వెనక్కి తిరిగేలాగే.

పలక మీద బలపం కీచుమంది. గాయని లేచి ఇద్దరికీ కనబడేలా పలక ఎత్తింది.

"మాట నీది. టేపు ఆయనది. గొంతు నాది. తిన్నగా వెయ్యండి."

గిటారిస్టు తల వంచుకుని రీలు తిన్నగా తిరిగేలా మార్చాడు. ఆమె గొంతు గదిలో ఒక్కసారి పలికింది. ఆమె పెదవులూ దానితోపాటే కదిలాయి.

ఆ సాయంత్రం వేదిక మీద కూడా ఎవరూ దాన్ని తిరగెయ్యలేదు.

— గుండీల మామ్మ, డెబ్బై ఒకటో ఏడు. ప్రస్తుతం చిన్నకూతురి ఇంట్లో, మెట్ల పక్క గదిలో.