ఖాళీ కుర్చీ

టీకొట్టు దగ్గర నలుగురూ చదివింది ఒకే నవల. హంతకులు మాత్రం నలుగురు.

"నా ప్రతిలో డాక్టరురా," అన్నాడొకడు, మణికట్టు మీది నాడీపట్టీ సవరించుకుంటూ.

"నీకు చిన్నప్పట్నుంచీ సూదంటే వణుకే కదా. నాకు మాత్రం ఇంటి ఓనరు."

"మీ ఆవిడ ప్రతిలో ఎవరో అడిగావా?"

"అడిగాను. చెప్పలేదు. అప్పట్నుంచీ నిద్ర పట్టడం లేదు."

అందరూ నవ్వారు. పక్కనే నిలబడిన చిదానందం నవ్వలేదు. ఆ నవల రాసింది ఆయనే.

ఆయన కుర్రతనంలో హంతకుడెవరో రచయితే తేల్చేవాడు. పాఠకులు ముందే పసిగట్టి విసుక్కునేవారు. మలుపుయంత్రం వచ్చాక ఆ బెంగ తీరింది. చదువుతున్నంతసేపూ నాడీపట్టీ గుండెను వింటుంది. ఏ పాత్ర అడుగుపెడితే లయ తప్పుతుందో, చివరి అధ్యాయంలో యంత్రం నేరాన్ని ఆ పాత్ర నెత్తిన వేస్తుంది. అందుకని రచయితలు హంతకుడి చోటు వదిలేసి రాస్తారు. ఆ చోటును ప్రచురణకర్తలు ఖాళీ కుర్చీ అంటారు. నిజంగా జరిగిన చావులను తీసుకుని, వాటి మధ్య ఆ కుర్చీ వేయడంలో చిదానందం ఆరితేరినవాడు.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద నూకరత్నం కూర్చుని ఉంది. యారాడ రాళ్ళ దగ్గర సముద్రంలో పడి చనిపోయిన హైమావతి తల్లి. నవల మొదలుపెట్టే ముందు ఆయన ఆమె ఇంటికి వెళ్ళి, ఆమె పెట్టిన అన్నం తిని, కూతురి కబుర్లన్నీ అడిగి తెలుసుకున్నాడు.

"సదివినాను బాబూ, మీ పుస్తకం."

"మీరెందుకు చదివారమ్మా!"

"నా కూతురి కత నేను సదవకపోతే ఎలగ? నా దాంట్లో మేనమామే సంపినాడు. అంటే మా తమ్ముడు సూరిబాబే కదా. ఆ రోజు దాన్ని సముద్రానికి తీసుకెళ్ళింది ఆడే. అప్పట్నించీ ఆడికి ముద్ద పెట్టలేదు. గుమ్మం కాడ నిలబడి 'ఏటి సేసినానక్కా' అంటాడు. తలుపేసేసినాను. రేపు ఓడెక్కెల్లిపోతాడంట, మరి రాడంట. మీరు పోలీసుల కంటే ఎక్కువ తిరిగినారు. మీరు రాసుకున్న పేరేటి? అదొక్కటీ సెప్పండి."

ఆయన ఏ పేరూ రాసుకోలేదు. ఆ రాళ్ళ మీద నిలబడిన మధ్యాహ్నమే ఆయనకు అంతా తెలిసిపోయింది. కాలికింద పాచి; తనే జారిపడి మోకాలు చీరుకున్నాడు. హైమావతి చెప్పుల అడుగులు అరిగి నున్నగా ఉండటం ఆయన చూశాడు. అది ప్రమాదమని తెలిసినప్పుడు తనలో కలిగింది జాలి కాదు, నిరాశ. పిల్ల కోసం సూరిబాబు నీళ్ళలోకి దూకాడన్నది నవలలో రాయలేదు. అతని తడిసిన చొక్కాను మాత్రం ఉంచాడు.

"ఎవరూ చంపలేదమ్మా. పాచి మీద కాలు జారింది. మీ తమ్ముడు దూకి వెతికాడు."

"మరి పుస్తకంలో లేదేటి?"

"ఉంటే ఎవరూ చదవరు."

నూకరత్నం తన మణికట్టు కేసి చూసుకుంది. పట్టీ మీది చిన్న దీపం పచ్చగా, నిశ్చలంగా ఉంది.

"సూడండి, కదల్లేదు. పుస్తకం సదివినప్పుడు ఎర్రగా ఎలిగింది. నిజమైతే గుండెకి తెలీదా బాబూ?"

ఆయన పంచె పైకి లాగి మోకాలి మీది మచ్చ చూపించాడు. "నేనూ అక్కడే జారిపడ్డాను. ఇదిగో, చూడండి."

ఆమె మచ్చను చూసింది. తర్వాత ఆయన ముఖాన్ని చూసింది, చాలాసేపు.

"ఆ రాళ్ళ కాడికి మీరు ముందు కూడా ఎల్లినారా? మా పాప పోకముందు?"

మణికట్టు మీది దీపం మెల్లగా ఎర్రబడింది.

లేదు అన్న ఒక్క మాట చాలు. ఆ మాట అంటే దీపం మళ్ళీ పచ్చబడుతుంది, చూపు మళ్ళీ తమ్ముడి మీదికే పోతుంది. చిదానందం పంచె కిందికి దించుకున్నాడు. ఆ మాట అనలేదు.

నూకరత్నం చివాల్న లేచింది. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండానే గేటు దాటింది. అవతల ఆమె ఫోనులో ఏడుస్తూ అంటున్న మాటలు ఆయనకు స్పష్టంగా వినిపించాయి.

"సూరీ, ఓడెక్కకురా నాయనా. ఇంటికొచ్చీ, అన్నం పెడతాను. ఆడెవడో తెలిసిపోనాదిరా."