ముప్పై రెండో అక్షరం

"నా బగ్‌ని మళ్లీ మూసేశారేం?"

తలెత్తి చూశాను. కొత్తగా చేరిన టెస్టర్, మా ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె పని. మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో పేరు పొడుగైతే చివరి అక్షరం ఎగిరిపోతోందని ఆమె ఫిర్యాదు. నేను రెండుసార్లు చూసి, రెండుసార్లూ మూసేశాను.

"నా దగ్గర బాగానే పనిచేస్తోందండీ."

"ఏం పేరుతో చూశారు?"

"ఏబీసీ."

"ఏబీసీ అని లోకంలో ఎవరికైనా పేరుందా?"

పక్క సీటువాడు కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఏ ప్రోగ్రామరైనా ఏబీసీ కొట్టే చూస్తాడు, అదేం కొత్తా?

ఆమె నా కీబోర్డు లాక్కుని తన పూర్తి పేరు కొట్టింది. నాయనమ్మ పేరూ అమ్మమ్మ పేరూ కలిపి పెట్టారట. ఇంగ్లిష్‌లో సరిగ్గా ముప్పై రెండు అక్షరాలు. సేవ్ చేసి మళ్లీ తెరిస్తే ముప్పై ఒకటే ఉన్నాయి.

"ఇప్పుడిది మా అక్క పేరు. దానికే చివర ఒక్క అక్షరం చేర్చి నాకు పెట్టారు. రేపు ఆస్పత్రిలో ఈ సాఫ్ట్‌వేర్ పెడితే అక్క రక్తం రిపోర్టు నా చేతికిస్తారు."

ఆమె గొంతు తగ్గింది.

"నేను రాసిన వేరే ఫిర్యాదులు ఇప్పటికే రెండు తప్పని తేలాయి. ఇదీ తప్పైతే ఇంటికి పంపించేస్తామన్నారు మేనేజర్ గారు. సాయంత్రమే మీటింగ్."

ఆమె వెళ్లాక కోడ్ తెరిచాను. పేరు కోసం ముప్పై రెండు గళ్లు పెట్టి, ఆఖరి గడిని 'ఇక్కడితో అయిపోయింది' అనే గుర్తుకి వాడేశాడు ఎవరో మహానుభావుడు. ఎవడా అని చూస్తే నేనే! రెండేళ్ల కిందటి నా ఘనకార్యం.

"మూడోదీ ఉత్తిదేనా?" అన్నారు మీటింగ్‌లో మేనేజర్ గారు.

"కాదండీ, బగ్ నిజమే. తప్పు నాది. సరిగ్గా చూడకుండా మూసేసిందీ నేనే."

చెవులు వేడెక్కాయి. కానీ ఆమె మొదటిసారి నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వుకి ఇంకో నాలుగు తప్పులైనా ఒప్పుకునేవాణ్ణే.

ఒక గడి పెంచాను. అక్కాచెల్లెళ్ల పేర్లు రెండూ టెస్టులో చేర్చాను. పాసయ్యాయని చెప్పే వంకతో టీ, టీ వంకతో కబుర్లు.

నెల తిరిగాక ఒకరోజు వానలో తడిసి వచ్చి, నా ముందు ఓ కవరు పడేసింది.

"ఉద్యోగం పర్మనెంట్ అయింది."

"అబ్బ, మంచి మాట చెప్పారు!"

"నాకు కాదు. మా అక్కకి."

ఉత్తరం తీసి చూశాను. పేరులో ముప్పై ఒక్క అక్షరాలు. ఉత్తరాలు అచ్చువేసే కంప్యూటర్లో ఇంకా మా పాత వెర్షనే ఉంది.

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వులో నేను నోరు జారాను.

"మన శుభలేఖ మాత్రం చేత్తో రాయిద్దామండీ."

ఆమె నవ్వు ఆగిపోయింది. ఉత్తరం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"అచ్చే వేయిద్దాం. ఆదివారం వచ్చి నాన్నతో మాట్లాడండి," అంది. "ప్రూఫ్ మాత్రం ముందు నాకు చూపించాలి. ఏబీసీ కొట్టి చూశాను, బాగానే ఉందంటే ఊరుకోను."