చౌడేశ్వరి సంతకం

నీలిబాన మూత పరాయివాళ్ళు ఎత్తితే చౌడేశ్వరికి ఒళ్ళు మండుతుంది. ఆ రోజు మూత ఎత్తడమే గాక, బానలోకి ఓ గాజుపుల్ల దించి, చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడొక యువకుడు. తెల్లటి చొక్కా, జేబులో ఫౌంటెన్ పెన్ను, మొహం నిండా బోలెడంత శాస్త్రీయమైన గాంభీర్యం.

"మీ ఊళ్ళో బాలింత గదిలోకి ఇలాగే అడక్కుండా వచ్చేస్తారా?" అంది వెనకనించి.

అతను ఉలిక్కిపడ్డాడు. గాజుపుల్ల చేతిలోంచి జారి నీలంలో మునిగిపోయింది. అది కాలేజీ లాబొరేటరీవాళ్ళని బతిమాలి తెచ్చుకున్న థర్మామీటరు. అతని మొహంలో రక్తం లేకుండా పోయింది. చౌడేశ్వరి ఓ నిట్టూర్పు విడిచి, మోచేయి దాకా చెయ్యి ముంచి, దాన్ని వెతికి తీసి అతని చేతిలో పెట్టింది. తెల్ల చొక్కా ముందంతా నీలం చుక్కలు పడ్డాయి. అది ఇక వదలదని ఇద్దరికీ తెలుసు.

యుద్ధం ఐదో ఏట నడుస్తున్న రోజులవి. జర్మనీ రంగులు రావడం మానేశాక బెజవాడ వన్ టౌన్‌లో, కాలవ ఒడ్డున, చౌడేశ్వరి తండ్రి అంకమ్మరావు ఇంట్లో ఉన్న పాత నీలిబానలకి మళ్ళీ మంచి కాలం వచ్చింది. నీలిమందు, సున్నం, ఉడికించిన తగిరిస గింజలు కలిపి, మెడదాకా నేలలో పాతిన బానల్లో పులియబెడతారు. పులిసే బానని బాలింతలాగే చూస్తారు. గాలి తగలనివ్వరు, దాని దగ్గర గట్టిగా మాట్లాడరు, కొత్తవాళ్ళ కన్ను పడనివ్వరు. ఇంత మర్యాద చేస్తే గాని నీలం నూలుని పట్టుకోదు.

ఆ వచ్చినవాడి పేరు సత్యం. పెడన నేతవాళ్ళ అబ్బాయి. బందరులో కెమిస్ట్రీ బీఎస్సీ పాసై, గవర్నర్‌పేటలో ఓ నూలు కొట్లో గుమాస్తాగా చేరాడు. ఆ కొట్టు నూలు అద్దకానికి తీసుకొచ్చి, బాన చూడగానే మనసాగక మూత ఎత్తాడట. ఎందుకాగలేదో కూడా చెప్పాడు. బెంగుళూరులో బ్రూయింగ్ సైన్స్ అని ఏడాది ట్రైనింగ్ పెట్టారు. బార్లీ మొలకెత్తించి, పులియబెట్టి, బీరు తీసే శాస్త్రం. సీట్లు ఆరు. డిగ్రీ ఒక్కటే చాలదు, పులియబెట్టే పని తెలిసిన గురువు దగ్గర మూడు నెలలు నేర్చుకున్నట్టు, ఆ గురువు సంతకంతో సర్టిఫికెట్ కావాలి.

"అంటే కల్లు పులియబెట్టే చదువా?" అంది చౌడేశ్వరి. "దానికి బెంగుళూరు దాకా ఎందుకండీ? మా అట్లపిండి ఏ చదువూ లేకుండానే పులుస్తోంది."

కల్లుపాకకి కూడా వెళ్ళానని సత్యం ఒప్పుకున్నాడు. నోటుపుస్తకం పట్టుకుని రెండు రోజులు కూర్చున్నాడు. కల్లు దానంతటదే పులుస్తుంది, అందులో గురువంటూ ఎవరూ లేరని తేలింది. ఈలోగా పెడనలో అబ్బాయి చెడిపోయాడని కబురు పాకి, వాళ్ళమ్మ మణెమ్మ రెండు పూటలు అన్నం మానేసింది.

ఈ మాటకి లోపల మంచం మీదున్న నాయనమ్మ రావమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వే అతనికి సిఫార్సు అయింది. అంకమ్మరావు కండువా సర్దుకుని, రోజూ పొద్దున్నే వచ్చి తన దగ్గర పని నేర్చుకోమని పెద్దరికంగా సెలవిచ్చాడు.

ఇక్కడో తిరకాసుంది. అంకమ్మరావుకి నీలిపని రాదు.

నీలిపనివాళ్ళ ఇళ్ళల్లో ఈ విద్య కోడళ్ళకే చెబుతారు, కూతుళ్ళకి చెప్పరు. కూతురు పెళ్ళి చేసుకుని వెళ్తే విద్య కూడా అత్తారింటికి వెళ్ళిపోతుందని భయం. రావమ్మ కోడలిగా వచ్చి నేర్చుకుంది. ఆవిడ తన కోడలికి చెప్పేలోపే ఆ కోడలు, పసిదాన్ని ఒళ్ళో వదిలేసి, కన్నుమూసింది. కళ్ళు మసకబారుతుంటే రావమ్మకి వేరే దారి లేక, మనవరాలికే అంతా నేర్పింది. ఇప్పుడు పంతొమ్మిదేళ్ళ చౌడేశ్వరి నాలుక చివర చుక్క వేసుకుని, బాన ఆకలిగా ఉందో కడుపు నిండి ఉందో చెప్పగలదు. కాని ఊరికి తెలిసింది అంకమ్మరావు చేతి నీలం. ఆయన రోజూ పొద్దున్నే మణికట్టు దాకా చెయ్యి బానలో ముంచి, ఆ నీలం చేత్తో వీధి అరుగు మీద కూర్చుని బేరాలు మాట్లాడతాడు.

కాబట్టి పాఠాలన్నీ ఒకే తీరుగా మొదలయ్యేవి. సత్యం బాన దగ్గర నిలబడితే చౌడేశ్వరి నేల చూస్తూ, "సున్నం తేట మాత్రమే పొయ్యాలని నాన్నగారు చెప్పమన్నారు" అనేది. నీళ్ళు చెయ్యి కాలనంత వెచ్చగా ఉండాలని నాన్నగారు చెప్పమన్నారు. గరిటె వడిగా తిప్పితే గాలి దూరుతుందని నాన్నగారు చెప్పమన్నారు. ఆ నాన్నగారేమో వీధిలో చుట్ట వెలిగించుకుంటూ కనబడుతూనే ఉండేవాడు.

వారం తిరక్కుండా సత్యం పసిగట్టాడు. "మీ నాన్నగారి నీలం మణికట్టు దగ్గర ఆగిపోయిందండీ, మీది మోచేయి దాకా ఉంది" అన్నాడు మెల్లిగా.

చౌడేశ్వరి గతుక్కుమంది. పైట చెంగుతో చేతులు కప్పుకుని, బీఎస్సీ చదువుల్లో ఆడపిల్లల చేతులు కొలవడం కూడా ఒక సబ్జెక్టా అని అడిగింది. అతను చెవులదాకా ఎర్రబడ్డాడు. ఈ సంగతి ఎక్కడా అననని మాటిచ్చాడు. ఆ రోజునించి నాన్నగారు పాఠాల్లోంచి తప్పుకున్నారు.

శ్రావణంలో ముసురు పట్టింది. పెంకుల సందుల్లోంచి నీళ్ళు కారుతుంటే చౌడేశ్వరి తాటాకు గొడుగు తెచ్చి పట్టింది, బానకి. సత్యం పక్కనే నిలువునా తడుస్తూ సున్నం కలుపుతున్నాడు. తనకీ కాస్త పట్టొచ్చు కదా అంటే, మీకు జలుబు చేస్తే మిరియాల కషాయం ఉంది, దీనికి జలుబు చేస్తే మందు లేదని చెప్పింది. అలా చెబుతూనే అతని జుట్టులోంచి ముక్కు మీదికి జారే చినుకుని చూస్తోంది. అతను తలెత్తేసరికి చూపు గొడుగు కాడ మీదికి మార్చింది.

ఆ ముసురులోనే ఘోరం జరిగింది. ఆమె వంటింట్లో ఉండగా సత్యం తన కాగితపు ముక్కలతో పరీక్ష చేసి, బానలో పులుపు ఎక్కువైందని లెక్కగట్టి, నాలుగు చెంబుల సున్నం తేట పోసేశాడు. తెల్లారేసరికి బాన మీద నురుగు లేదు, రాగిరంగు మీగడ లేదు. మురిక్కాలవ నీళ్ళలా పడి ఉంది. చల్లపల్లి వ్యాపారి పాండురంగయ్య గారి నూలంతా ఆ బాన కోసమే కాచుకుని ఉంది.

తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు. అతని మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. తగిరిస గింజలు మళ్ళీ ఉడికించింది, బెల్లం నీళ్ళు పోసింది, బాన చుట్టూ వరిగడ్డి కప్పించింది. మూడు పగళ్ళు ఇద్దరూ పక్కనే కూర్చున్నారు. బాన చావలేదు, నిద్రపోయింది, లేపాలి గాని కంగారుపెట్టకూడదని ఆమె చెబితే అతను దాన్ని కూడా రాసుకున్నాడు. సూక్ష్మజీవుల గురించి అతను చెప్పాడు. కంటికి కనబడని ప్రాణులు కోట్లకొద్దీ ఉన్నాయని, వాటికి సున్నం ఎక్కువైతే మూర్ఛ వస్తుందని వినగానే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. తనూ నాయనమ్మా ఇన్నాళ్ళూ ఎవర్ని సాకుతున్నారో ఆ రోజు తెలిసింది.

మూడో రోజు మధ్యాహ్నం పసుపుపచ్చ నీళ్ళ మీద రాగి మీగడ తిరిగి కట్టింది. చౌడేశ్వరి పట్టలేక నవ్వేసి, వేలి చివర చుక్క తీసి, నాలుక చాపమంది. అతను చాపాడు.

"ఎలా ఉంది?"

"వర్ణించలేనండీ."

"అయితే ఎలా రాస్తారు? మళ్ళీ చాపండి."

రెండోసారి కూడా వర్ణించలేకపోయాడు. ఈసారి లోపం రుచిది కాదు. చౌడేశ్వరికీ తెలిసింది. ఈ మనిషి రాని పొద్దు తనకి పొద్దులా ఉండదని ఆమె ఆ క్షణానే తెలుసుకుని, ఖాళీ చెంబు తీసుకుని అవసరం లేకపోయినా నూతి దగ్గరికి వెళ్ళిపోయింది.

మూడు నెలలూ నిండాయి. సత్యం దరఖాస్తు నింపి తెచ్చి, సర్టిఫికెట్ కాగితాన్ని అరుగు మీద పెట్టి, ఇంగ్లీషులో రాసిందంతా అంకమ్మరావుకి తెలుగులో చదివి వినిపించాడు. ఆయన మీసం సవరించుకుంటూ కలం చేతిలోకి తీసుకున్నాడు. ఇంతలో గురువు పేరు వచ్చింది. చౌడేశ్వరి, నీలి అద్దకపు పనిమంతురాలు, బెజవాడ.

అంకమ్మరావు కలం కింద పెట్టేశాడు. కూతురికి విద్య చెప్పారని తెలిస్తే కులంలో తల ఎత్తుకోవడమెలాగని, ఇరవయ్యేళ్ళ పేరు ఒక్క కాగితంతో కాలవలో కలుస్తుందని కోప్పడ్డాడు. తన పేరు రాస్తే ఇప్పుడే సంతకం పెడతానన్నాడు.

సత్యం చేతులు కట్టుకునే నిలబడ్డాడు. ఎక్కడా అననని మీ అమ్మాయికి మాటిచ్చాను, అందుకే ఈ కాగితం ముందుగా మీకే చూపిస్తున్నానని చెప్పాడు. "మీరు వద్దంటే ఇది ఎవరికీ పంపనండీ. కాని నేర్పింది ఒకరైతే ఇంకొకరి పేరు నేను రాయలేను."

"సీటు పోతుందయ్యా!"

"పోతుందండీ."

తలుపు చాటున చౌడేశ్వరి అంతా వింటోంది. కాగితం అక్కడే వదిలి అతను మెట్లు దిగుతుంటే దొడ్డిదారిన ఎదురెళ్ళి, నాన్నగారి పేరే రాయమని బతిమాలింది. నా పేరు ఎక్కడా లేకపోవడం నాకు కొత్త కాదు, మీ సీటు మీకు ముఖ్యం అంది.  కాని తన పేరు అతని నోట, ఆ పెద్ద కాగితం మీదనించి వినబడినప్పుడు ఆమెకి ఒళ్ళంతా పులకరించింది. తన పనికి తన పేరు ఉంటుందని పంతొమ్మిదేళ్ళలో ఎవరూ ఆమెకి చెప్పలేదు.

"మీకు కొత్త కాదేమో గాని, నాకు సిగ్గుగా ఉంటుందండీ" అని అతను వెళ్ళిపోయాడు.

 ఆ రోజంతా రావమ్మ, కొడుక్కి వినబడాలనే, గోడతో మాట్లాడింది. పరాయింటి పిల్లాడికి ఉన్న నిజాయితీ కడుపున పుట్టినవాడికి లేకపోయిందని ఆ గోడకి ఒకటికి నాలుగుసార్లు చెప్పింది.

దరఖాస్తు టపాలో వెయ్యడానికి మర్నాడే ఆఖరు రోజు. పొద్దున్నే చల్లపల్లి పాండురంగయ్య నూలు తీసుకెళ్ళడానికి జట్కాలో దిగాడు. సత్యం కూడా కొట్టు నూలు కోసం వచ్చి ఓ పక్కన నిలబడ్డాడు. పాండురంగయ్య నూలు చిలప విప్పి, ఎండకి పట్టి చూసి, మురిసిపోయాడు. ఈ జిల్లాలో ఇలాంటి నీలం ఇంకెక్కడా దిగదని, అంకమ్మరావు చేతిలోనే ఏదో ఉందని పొగిడాడు. ఇరవయ్యేళ్ళుగా ఆ పొగడ్త విని అంకమ్మరావు నవ్వేవాడు. ఈసారి తన చేతి వంక చూసుకున్నాడు. మణికట్టు దగ్గర గీత గీసినట్టు నీలం ఆగిపోయి ఉంది.

"ఆ చెయ్యి నాది కాదండీ" అన్నాడు. "మా అమ్మాయిది."

పాండురంగయ్యకి అర్థం కాలేదు. అంకమ్మరావు లోపలికి కేకేశాడు. ఎన్నడూ వీధి అరుగు మీదికి రాని చౌడేశ్వరి గడప దాటి వచ్చి నిలబడింది. పాండురంగయ్య ఆమె మోచేతుల దాకా ఉన్న నీలం చూసి, నోరు తెరిచి, కూతురికి విద్య చెప్పుకున్నారా, రేపు ఏ ఇంటికో పట్టుకుపోదా అని అడిగాడు.

"పట్టుకుపోనివ్వండి" అన్నాడు అంకమ్మరావు. ఆ మాట అంటూంటే ఆయన ఛాతీ ఉబ్బింది. "ఎక్కడికి పోయినా అంకమ్మరావు కూతురి నీలమంటారు. ఇన్నాళ్ళూ నేను దాని పేరు తిన్నాను. ఇకనించి దాని పేరు నేను చెప్పుకుంటాను. రా అమ్మా, సంతకం పెట్టు."

చౌడేశ్వరి కింద కూర్చుని, కాగితం తొడ మీద పెట్టుకుని, తన పేరు తెలుగులో, ఒక్కో అక్షరం నిలబెట్టి రాసింది. పక్కన బొటనవేలి నీలం ముద్ర కూడా పడింది, తడి ఆరని చెయ్యి కావడం వల్ల. సత్యం కాగితం తీసుకుంటూ ఆమె వంక చూశాడు. ఆమె ఈసారి చూపు తిప్పుకోలేదు.

నెల తిరక్కుండా మద్రాసులో ఇంటర్వ్యూ అయింది. చౌడేశ్వరి అంటే ఏదైనా కంపెనీయా అని అక్కడి పెద్దలు అడిగారట. కాదండీ, పంతొమ్మిదేళ్ళ అమ్మాయి, నేను మూడు పరికరాలతో చూసేది ఆవిడ నాలుకతో చెబుతుంది అన్నాడట. మొదట నవ్వారు. ఆ తర్వాత అరగంట సేపు నీలిబాన గురించే అడిగారు, నిద్రపోయిన బాన కథతో సహా. సీటు వచ్చింది.

బెంగుళూరు ప్రయాణం రోజు గుంతకల్లు బండి ఎక్కించడానికి అంకమ్మరావు కుటుంబమంతా బెజవాడ స్టేషనుకి కదిలింది. రావమ్మ కూడా మనవరాలి భుజం పట్టుకుని వచ్చింది. సత్యం పెట్టె సర్దుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. మూడు వారాలుగా ఒక మాట అనాలనుకుని, అనలేక, సున్నం గురించి మాట్లాడుతూ వచ్చాడు. ఇప్పుడూ అంతే. ఎండలు ముదిరితే బానలకి తడిగోనెలు కప్పమని చెప్పాడు. అలాగేనంది.

రైలుపెట్టెలో ఎదురు సీటాయన, ఎవరండీ ఈ అబ్బాయి, మీవాడేనా అని అంకమ్మరావుని పలకరించాడు. అంకమ్మరావు పక్క పెట్టెలవాళ్ళక్కూడా వినబడేటట్టు చెప్పాడు.

"మా అమ్మాయి శిష్యుడండీ. బెంగుళూరులో సీటొచ్చింది."

సత్యం తల వంచుకున్నాడు. గార్డు పచ్చజెండా తీశాడు. చౌడేశ్వరి సత్యం వంక చూసింది. ఈయన ఏడాదైనా నోరు విప్పేటట్టు లేడని తేల్చుకుంది.

"శిష్యరికం అయిపోయింది నాన్నా" అంది. "ఇకనించి అల్లుడని చెప్పండి."

 అంకమ్మరావు కూతుర్ని చూశాడు, సత్యాన్ని చూశాడు. ఏమయ్యా, నిజమేనా అని అడిగాడు. సత్యం అవునన్నట్టు గబగబా తలూపాడు. రావమ్మ పకపకా నవ్వుతోంది. బండి కదిలింది.

అంకమ్మరావు కండువా సర్దుకుని, కదిలే పెట్టె వెంట నాలుగడుగులు వేసి, ఆ ఎదురు సీటాయనకి కేకేసి చెప్పాడు.

"మా అల్లుడండీ! బెంగుళూరు దాకా కాస్త చూసుకోండి!"