వీపు మీద పట్టీలు

ఆ స్టూడియోలో చివరి షూటింగ్ ఫ్లోరంటే... లైట్లు వెలిగినంతసేపే అందరూ వీరులు! ప్యాకప్ అన్నారంటే చెప్పులు చేత్తో పట్టుకుని పరుగే. కవచాలు తొడిగి విప్పే ముసలి కాస్ట్యూమర్ ఒకాయన, ఎవరికో విప్పుతూ విప్పుతూ అక్కడే కుప్పకూలి ప్రాణం వదిలాడట. అప్పట్నుంచీ చీకట్లో బకిల్ ఊడిన చప్పుడు... టిక్... టిక్... వినిపిస్తుందని చెప్పుకునేవాళ్లు.

ఆ రోజుల్లో అక్కడ తీస్తున్నదేమో పాతకాలపు గుర్రపు వీరుల గాథ. మంత్రగత్తె శాపం తగిలి, ఒంటిమీది ఇనప కవచం విప్పుకోలేని వీరుడి సినిమా. హీరోగారు ఏసీ వ్యాన్‌లో — కవచం మాత్రం డూపు ఒంటిమీద!

ఆ రాత్రి ఆఖరి షాట్. డూపు గుర్రం మీంచి పడి, కోటగోడ వెనక చచ్చినట్టు పడుకోవాలి. పడుకున్నాడు. ఒళ్లు హూనమైన మనిషి కదా — నిజంగానే నిద్రపట్టేసింది. హీరోగారి కారు కదిలాక డూపు ఎవరికి గుర్తుంటాడు చెప్పండి?

లేచేసరికి... చిమ్మచీకటి.

మొహమంతా మూసే ఇనప టోపీ. దాని ముందురేకు బిగుసుకుపోయింది. పట్టీలన్నీ వీపు వైపు. చేతులకేమో ఇనప తొడుగులు. అసలే ఆయాసం మనిషి... వదిలిన గాలే మళ్లీ పీలుస్తున్నాడు. "ఎవరన్నా ఉన్నారా?" అని అరిస్తే, బయటికి "హూఁ... హూఁ..." అన్న మూలుగే వచ్చింది.

దూరంగా, తలుపు దగ్గర టార్చి! లైట్‌మన్ — స్వయానా తన అక్క మొగుడు — కేబుళ్లు చుడుతున్నాడు. డూపుకి ప్రాణం లేచొచ్చింది. ఖణేల్ ఖణేల్‌మంటూ అటు నడిచాడు. వీపు మీద పట్టీ ఎవరో లాగుతున్నట్టు... ఇంకా బిగుస్తోంది కాబోలు అనుకున్నాడు.

టార్చి ఇటు తిరిగింది.

"ఓరి నాయనో!"

బావ మాయం. బయట గొళ్లెం కూడా పడింది!

ఇంకేం చేస్తాడు? తలుపుకేసి తల బాదుకున్నాడు. కళ్లు బైర్లు కమ్మాయి. ఇంట్లో నిద్రపోతున్న కూతురి మొహం కదలాడింది... అదీ చెదిరిపోయింది...

టిక్.

టోపీ ఊడి దొర్లింది. గాలి! పట్టీ తెగింది, బతికిపోయాననుకున్నాడు.

పొద్దున్నే తలుపు తీసిన బావ మీద విరుచుకుపడ్డాడు.

"ఏం బావా, పెళ్లాం తమ్ముణ్ణి దెయ్యమనుకుని చంపేద్దామనా? నీకన్నా కోడిపిల్ల నయం!"

బావ వంగి టోపీ తీశాడు. పట్టీ తెగలేదు... పద్ధతిగా విప్పి, మడిచి ఉంది.

"నిన్ను చూసి ఎవడు పరిగెత్తాడ్రా?" అన్నాడు గొంతు తగ్గించి. "నీ నడక నాకు తెలీదా... నీ వెనకాలే వంగి, పట్టీలు తడుముకుంటూ వచ్చాడే — ఆ ముసలాయన్ని చూసి!"