మూడో రిమోట్

కదిలితే చచ్చిందే!

జమున పత్తి బేళ్ల వెనక గోడకు అతుక్కుపోయింది. ఊపిరి కూడా భయం భయంగా తీస్తోంది.

తలపైన, మూలకు, తెల్లటి చిన్న పెట్టె. మోషన్ సెన్సర్. మనిషి కదిలితే చాలు... ఒంటి వేడితో పసిగట్టేస్తుంది. వైరు లేదు. కరెంటుతో పని లేదు. కడుపులో బ్యాటరీ ఉంది. దాని ఎర్ర లైటు ఒక్కసారి మిణుక్కుమంటే, మిల్లు కప్పు మీది సైరన్ ఊరంతటినీ లేపుతుంది.

దాన్ని బిగించింది ఎవరో కాదు. జమున మొగుడు హరిలాల్! నిచ్చెన పట్టుకుని కింద నిలబడ్డది జమునే!

పొద్దుగూకి ఎంతోసేపు కాలేదు. జనగామ మొత్తం చీకటి. సకల జనుల సమ్మె. భూపాలపల్లిలో బొగ్గు గనుల్లోకి దిగేవాడు లేడు. కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పేవాడూ లేడు. మిల్లు గేటు ముందే, హైదరాబాద్ రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, జనం వంటావార్పు చేస్తున్నారు.

ఆ జనంలోంచే వచ్చింది జమున. గరిటె పట్టుకున్న మణెమ్మ అవ్వ ఆపింది కూడా.

"రెండు ముద్దలు తిని పో బిడ్డా. బియ్యం దయాకర్ సారే ఇచ్చిండు. దేవుడసొంటోడు!"

దయాకర్... ఈ జిన్నింగ్ మిల్లు ఓనరు. ఆయన వండించిన అన్నం తింటున్నవాళ్లకు ఆయన మీద ఏం చెబుతుంది? చెబితే ఎవరు నమ్ముతారు?

అందుకే నోరు మూసుకుని గోడ దూకింది.

హరిలాల్ ఇంటికి రాక రెండు రోజులు. "మిల్లుల బ్యాటరీలు మార్చాలంట. గిట్ల పోయి గట్ల వస్త" అని ఇక్కడికే వచ్చాడు. దయాకర్‌ని అడిగితే, "ఎప్పుడో పోయిండమ్మా, ధర్నా టెంటు కాడ చూడు" అన్నాడు. టెంటు దగ్గర లేడు.

ఈ సాయంత్రం తమ అలారం షాపు సెల్‌ఫోన్ మోగింది. మిల్లు అలారం పంపిన మెసేజ్!

'జోన్ ఫైవ్. కవర్ ఓపెన్.'

ఐదో సెన్సర్ మూత ఎవరో తీశారు. కాసేపటికి మళ్లీ అదే. మళ్లీ... మళ్లీ... మళ్లీ!

ఐదో సెన్సర్ ఉన్నది వెనక విత్తనాల గోదాంలో. దాని మూత కింద పెసర గింజంత మీట ఉంటుంది. నొక్కి వదిలిన ప్రతిసారీ ఈ మెసేజ్ వస్తుంది. ఇలాంటి రిపేరు మెసేజ్‌లు షాపుకు మాత్రమే వచ్చేట్టు పెట్టుకున్నారు. దయాకర్‌కు ఆ సంగతి తెలియదు. హరిలాల్‌కు తెలుసు.

బతికే ఉన్నాడు!

వెంటనే అన్నకు ఫోన్ కొట్టింది. హన్మంత్. ఎస్సై. వాళ్ల తండాలో మొట్టమొదట ఖాకీ తొడిగినవాడు. నాయిన పోయాక ఆమెకు నాయినైనవాడు. ఎప్పట్లాగే తండా మాటలోనే, లంబాడీలోనే మాట్లాడాడు.

"మానుకోటల ఉన్న చెల్లె. రైల్ రోకో బందోబస్తు. తెల్లారేవరకు వస్త. నువ్వు మాత్రం ఆ మిల్లు దిక్కు పోకు!"

తెల్లారేదాకా మొగుడు ఉంటాడో, ఉండడో! జమున ఆగలేకపోయింది.

ఇప్పుడు ఈ సెన్సర్ కింద ఇరుక్కుంది.

కొంగు ముడిలో రిమోట్ ఉంది. నొక్కితే అలారం ఆగుతుంది. కానీ ఆగేముందు సైరన్ ఒకసారి కీచుమంటుంది. అటు ఆఫీసు గదిలో లాంతరు వెలుగుతోంది. దయాకర్ లోపలే ఉన్నాడు.

ఈ మిల్లుకు మొత్తం మూడు రిమోట్లు. ఒకటి దయాకర్‌ది. రెండోది షాపుది, అదే ఈ కొంగులో ఉన్నది. మూడోది... "మనోడొకడున్నడు, ఆయనకు కావాలె" అని దసరా ముందు దయాకరే అడిగి చేయించుకున్నాడు. కలగలిసిపోకుండా జమునే వాటి వెనక గోళ్ల రంగుతో చుక్కలు పెట్టింది. ఒకటి... రెండు... మూడు.

దూరంగా దగ్గు. వాచ్‌మన్ పోశయ్య! టార్చి వెలుగు గోడ మీద పాకుతూ ఇటే వస్తోంది...

ఆ వెలుగు ఒక్క క్షణం సెన్సర్ మీద పడింది.

పసుపు!

మొహం నిండా మెత్తిన పసుపు. మధ్యలో రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు. మీద వాడిపోయిన బంతిపువ్వు.

దసరా! ఆయుధపూజ! మోటార్లకు, కాంటాకు, జీపుకు పసుపు కుంకుమ పెట్టినవాళ్లు దీన్నీ వదల్లేదు! ఏటా హరిలాల్ మొత్తుకుంటూనే ఉంటాడు. "అన్నా, దానికి బొట్టు పెట్టకుండ్రి. కండ్లల్ల పసుపు కొట్టినట్టే. ఏం కనవడది దానికి!" వినేదెవరు? పనిముట్టన్నాక బొట్టు పెట్టాల్సిందే!

జమున చెయ్యి మెల్లగా చాపింది.

ఎర్ర లైటు వెలగలేదు.

భుజం కదిలించింది. వెలగలేదు!

నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసి పరుగెత్తింది. పోశయ్య టార్చి ఆమె నిలబడ్డ చోటికి వచ్చేసరికి ఆమె లేదు.

గోదాం తలుపు. బయట గొళ్లెం. తాళం లేదు. లోపలున్న ఒక్క సెన్సర్ హరిలాల్ చేతిలోనే ఉండి ఉంటుంది. గొళ్లెం తీసింది... లోపలికి జారింది.

రంగు వాసన. ముక్కులు మండిపోతున్నాయి.

"హరిలాల్..."

మూలన మూలుగు!

సెల్‌ఫోన్ వెలిగించింది. హరిలాల్ మొహం వాచిపోయింది. కాలు మోకాలి కింద పక్కకు తిరిగిపోయి ఉంది. చేతులు వెనక్కి కట్టేశారు. ఆ కట్టేసిన చేతుల్లోనే, బ్యాటరీ మార్చడానికి గోడ నుంచి దించిన సెన్సర్. బొటనవేలు ఇంకా ఆ మీట మీదే ఉంది.

"వచ్చినవా..." అన్నాడు. అంతకంటే గొంతు లేవలేదు.

జమున కట్లు విప్పబోయి ఆగింది. చుట్టూ ప్యాకెట్లు. కప్పుదాకా ప్యాకెట్లు! నెమలి బొమ్మ పత్తి విత్తనాలు. పక్కన డ్రమ్ముల్లో ఎర్ర రంగు పొడి. మిల్లులో దూది తీశాక మిగిలిన గింజలు నేల మీద గుట్టగా పోసి ఉన్నాయి. సగం తెలుపు, సగం ఎరుపు. రంగు వేస్తున్నారు... ప్యాకెట్లలో నింపుతున్నారు...

నెమలి బొమ్మ! ఆ బొమ్మ ఆమె మర్చిపోయేది కాదు. తరిగొప్పుల దగ్గరి చేన్లో నాయిన వేసిన గింజలివే. చేను నడుమెత్తు పెరిగింది. ఒక్క కాయ కాయలేదు. ఆ చేన్లోనే పురుగుల మందు తాగి పడిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది.

"గిది చూసిన్నని... కొట్టిండ్రు" అన్నాడు హరిలాల్.

"అన్నకు ఫోన్ చేసిన. వస్తుండు. జర ఓర్చుకో."

హరిలాల్ కళ్లు పెద్దవయ్యాయి. తల అడ్డంగా ఊపుతున్నాడు. ఏదో చెప్పబోతున్నాడు...

కీచ్!

పైన సైరన్ ఒక్కసారి అరిచి ఆగింది. ఎవరో అలారం ఆపారు!

చేతిలో ఫోన్ వణికింది. మెసేజ్.

'అలారం ఆఫ్. రిమోట్ త్రీ.'

మూడో రిమోట్! దయాకర్ మనిషి వచ్చేశాడు!

జమున ఫోన్ వెలుగు ఆర్పి నడుముకు దోపుకుంది. బూట్ల చప్పుడు. దగ్గరకొస్తోంది... ఇంకా దగ్గరకు...

"జమునా! యాడున్నవ్?"

అన్న గొంతు!

ఒళ్లంతా ఒక్కసారి తేలికైపోయింది. వచ్చేశాడు! "అన్నా, గీడున్న!" అంటూ లేచింది.

తలుపులో హన్మంత్. ఒక చేతిలో టార్చి. ఇంకో చేతిలో బండి తాళాలు. ఆ తాళాల గుత్తికి వేలాడుతూ నల్లటి రిమోట్.

వెనక గులాబీ రంగు చుక్కలు.

ఒకటి... రెండు... మూడు!

మానుకోటలో ఉన్నానన్నాడు. మానుకోట నుంచి ఇక్కడికి రెండు గంటల దారి, తను ఫోన్ చేసి గంట కూడా కాలేదు. ఫోన్ చేసినప్పుడే ఈ ఊళ్లోనే ఉన్నాడన్నమాట! పైగా తెలుగులో పిలిచాడు. ఆమెను అన్న ఏనాడూ తెలుగులో పిలవలేదు. వెనక నిలబడ్డవాడికి అర్థం కావాలి కదా!

వెనక దయాకర్. చేతిలో ఇనుప కడ్డీ.

"పోకు అని చెప్పిన గదనే!" అన్నాడు హన్మంత్.

"అన్నా... నాయిన వేసిన గింజలు గివే!"

"ఎరుకే."

ఒక్క మాట. అంతే.

"ఎరుకనా!" జమున గొంతు చీలిపోయింది. "ఎరుకై గూడ వీనికి కావలి కాస్తున్నవా? మన నాయిననే అన్నా! నిన్ను సదివిచ్చినోడు!"

"నాకు గూడ ఆలస్యంగనే తెలిసింది. అప్పటికే ఆయన చేతుల ఇరుక్కున్న. ఈ స్టేషన్, ఈ పోస్టు ఆయన ఇప్పిచ్చినయే. ఏం జెయ్యాలె?" హన్మంత్ ఆమె మొహం చూడటం లేదు. "నువ్వు ఇంటికి పో. నిన్ను ఎవరేమనరు."

"హరిలాల్‌?"

దయాకర్ మెత్తగా అందుకున్నాడు.

"రైలు పట్టాల మీద దొరుకుతడు బిడ్డా. తెలంగాణ కోసం పాణం ఇచ్చిండంటరు. ఊరంతా దండలేస్తది. నేనే ముందుండి ఊరేగిస్త."

గేటు బయట తినేవాళ్ల మాటలు వినబడుతున్నాయి. ఆ జనమే! ఆ జనం కన్నీళ్లనే వీడు వాడుకుంటాడట!

జమున వేలు కొంగు ముడిలోకి పోయింది. రిమోట్ మీద పానిక్ బటన్. నొక్కింది!

సైరన్!

ఊరు దద్దరిల్లింది. బయట మాటలు ఆగిపోయాయి.

హన్మంత్ మూడో రిమోట్ నొక్కాడు. ఆగిపోయింది.

జమున నొక్కింది. మోగింది!

హన్మంత్ నొక్కాడు. ఆగింది!

మోగింది... ఆగింది... మోగింది... ఆగింది!

గేటు దగ్గర పోశయ్య అరుస్తున్నాడు. "ఏం లేదే! బ్యాటరీ ఖరాబయిందంట, తినుండ్రి, తినుండ్రి!"

హన్మంత్ ఒక్క దూకున ఆమె చెయ్యి మెలిపెట్టి రిమోట్ లాక్కున్నాడు. బూటు కింద వేసి నలిపేశాడు. పిస్టల్ బయటికొచ్చింది.

"ఇగ సాలు జమునా!"

జమున వెనక్కి పడింది. చెయ్యి డ్రమ్ములో పడింది. పిడికిట్లోకి వచ్చినంత ఎర్ర పొడి... అన్న కళ్లల్లోకి!

"అమ్మా!"

తాళాల గుత్తి ఎగిరి ఎక్కడో పడింది. దయాకర్ కడ్డీ ఎత్తాడు. జమున వాడి చంక కిందుగా దూసుకుపోయింది. బేళ్ల మధ్య నుంచి పరుగు! గోడ మలుపు... కాంటా గది... అక్కడే అలారం ప్యానెల్!

మూత గోళ్లతో పీకింది. పీకగానే సైరన్ అందుకుంది!

లోపల ఎర్ర బటన్. దాన్ని నొక్కి పట్టుకుంటే చాలు, ప్యానెల్ తనకు నేర్పిన రిమోట్లన్నీ మర్చిపోతుంది. ఆ తర్వాత ఏ రిమోటూ సైరన్‌ని ఆపలేదు. నొక్కి పట్టుకుంది. తొందరగా... తొందరగా... దేవుడా, తొందరగా!

పొడుగ్గా బీప్!

వెనక హన్మంత్. కళ్లు తుడుచుకుంటున్నాడు. చేతిలో మూడో రిమోట్. వెతికి పట్టుకున్నాడు! నొక్కాడు.

ఆగలేదు.

నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

ఆగలేదు!

ధన్! గేటు మీద ఏదో పడింది. ధన్! ధన్! గేటు విరిగింది! జనం! కాగడాలు, కట్టెలు. ముందు మణెమ్మ అవ్వ, చేతిలో గరిటె అట్లాగే ఉంది!

దయాకర్‌కు పిచ్చెక్కింది. కడ్డీ ఎత్తుకుని జమున మీదికి వస్తున్నాడు.

"కాల్చు హన్మంతూ! దీన్ని కాల్చు!"

హన్మంత్ జనాన్ని చూశాడు. చేతిలోని రిమోట్‌ను చూశాడు. పిస్టల్ ఎత్తాడు.

ధాం!

దయాకర్ కూలిపోయాడు. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

అప్పుడు హన్మంత్ గొంతు, సైరన్‌ని మించి!

"నా చెల్లెను సంపవోయిండు! నాయినను సంపిన దొంగ విత్తనాలు లోపలున్నయి!"

జనం హోరెత్తిపోయారు. కుర్రాళ్లు అతన్ని భుజాలు పట్టి ఊపేస్తున్నారు. పనికిరాని రిమోట్ ముక్కను హన్మంత్ మెల్లగా జేబులోకి జార్చాడు. చెల్లెను గుండెకు హత్తుకున్నాడు. చెవిలో, తండా మాటలో అన్నాడు.

"మూడో రిమోట్‌ను నువ్వే తుడిచేసినవ్ చెల్లె. నువ్వు జెప్తే ఎవ్వలు నమ్మరు. ఇప్పుడు అది నాదని సాక్షెం జెప్పెటోడు ఒక్కడే మిగిలిండు."

ఒక్కడే... హరిలాల్!

"లోపల మా బావ ఉన్నడు! దెబ్బలు తగిలినయి!" హన్మంత్ జనం వైపు తిరిగాడు. "ఎవ్వలు రావద్దు! దొంగలింకా ఉన్నరేమో! నేనే తెస్త!"

పిస్టల్ పట్టుకుని గోదాం వైపు పరుగెత్తాడు.

"పోనియ్యకుండ్రి! సంపుతడు! మా ఆయనను సంపుతడు!"

జమున అరిచింది. గొంతు చిరిగేలా అరిచింది. సైరన్ మోగుతోంది. ఎవరూ ఆపలేని సైరన్! తన అరుపు తనకే వినపడటం లేదు.

మణెమ్మ అవ్వ ఆమెను గట్టిగా వాటేసుకుంది. పెదాలు కదులుతున్నాయి. "ఏడ్వకు బిడ్డా... మీ అన్న ఉన్నడు గద!"

గింజుకుంది. కొరికింది. ఇంకా నాలుగు చేతులు పట్టుకున్నాయి, ప్రేమగా. నడుముకు దోపిన ఫోన్ ఎట్లాగో బయటికి లాగింది.

చేతిలో ఫోన్ వణికింది.

'జోన్ ఫైవ్. కవర్ ఓపెన్.'

హరిలాల్ బొటనవేలు! పిలుస్తున్నాడు!

మళ్లీ వణికింది. 'జోన్ ఫైవ్...' ఫోన్ అందరి మొహాల ముందుకు చాపింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఎవరో జాలిగా ఆమె తల నిమిరారు.

మళ్లీ. 'జోన్ ఫైవ్...'

గోదాంలో ధాం!

ఆ తర్వాత ఫోన్ వణకలేదు.