సుద్దముక్కా చీజుముక్కా

"ఈ లైను రాసిందెవరు?"

అద్దాల గదిలో మైకు ముందు నిలబడి అడిగింది ఆమె. డైలాగు కాగితాన్ని రెండు వేళ్ళతో చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"నేనే," అన్నాడతను బయట సోఫాలోంచి, ఎవరో దండ వేయబోతున్నట్టు లేచి నిలబడి.

"'మీరూ నేనూ సుద్దముక్కా చీజుముక్కా.' ఏంటండీ ఇది? హీరోయిన్ ప్రేమించినవాడితో మాట్లాడుతోందా, కొట్లో సరుకులు అడుగుతోందా?"

"ఇంగ్లీషులో అలాగే ఉంది. చాక్ అండ్ చీజ్. చూడ్డానికి దగ్గరగా ఉన్నా బొత్తిగా పొంతన లేనివని అర్థం. అదొక ఇడియమ్."

"సుద్ద తెలుసు, చీజ్ తెలుసు. రెండూ తెచ్చి ఒకే నోట్లో కుక్కినవాణ్ణి మాత్రం ఇవాళే చూస్తున్నా. పైగా ప్రేమించుకునేవాళ్ళు మీరూ మీరూ అనుకుంటారా?"

"గౌరవం ఉండాలి కదా."

"ఉంటే ఇలాంటి లైను రాయరు."

విదేశీ సినిమాలను తెలుగులోకి డబ్బింగ్ చేసే చిన్న స్టూడియో అది. అతను మాటలు రాస్తాడు. హీరోయిన్ నోరు ఎప్పుడు కదిలినా అందులోంచి వచ్చే గొంతు ఆమెది. మీటల ముందు కూర్చుని రికార్డు చేసేది ఆమె అన్నయ్య. స్టూడియో కూడా ఆయనదే.

అతనికి ఇంగ్లీషంటే ఇష్టం కాదు, పూనకం. 'యాపిల్స్ అండ్ ఆరంజెస్' అని వినపడితే చాలు, ఏడుస్తున్న హీరోయిన్ చేత పళ్ళబుట్ట మోయించేవాడు. 'పోల్స్ అపార్ట్' వచ్చిందంటే, "మీరొక ధ్రువం, నేనొక ధ్రువం" అని రాసి మీసం దువ్వుకునేవాడు.

"మధ్యలో పెంగ్విన్లా?" అనేది ఆమె.

అతనికి ఆమె పెట్టిన పేరు డిక్షనరీ. అతను ఆమెకు పెట్టుకున్న పేరు మహాతల్లి. అది పైకి అనేంత ధైర్యం మాత్రం లేదు. ఆమె కూడా తక్కువదేమీ కాదు. ఎదుటివాడి తప్పు దొరికిన రోజు ఆమెకు కడుపు నిండిపోయేది. అతని పుణ్యమా అని రోజూ నిండుతోంది.

ఒక సాయంత్రం పని ముగించి బయటికి వస్తే వాన దంచుతోంది. గొడుగు ఒక్కటే ఉంది, అదీ అతనిది. పాపం, ఎంతో హీరోలా విప్పాడు.

"గొడుగు పట్టడం కూడా తర్జుమాయేనా? సగం నా మీద, సగం గోడ మీద!" అంటూ పిడి లాక్కుంది. వీధి చివరిదాకా ఆమె తిట్టింది, అతను తడిశాడు. ఇంటికెళ్ళి తల తుడుచుకుంటూ నవ్వుకున్నాడు. ఆమె మీద ప్రేమ పుట్టిందని ఆ తెలివిగలవాడికి అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ప్రతి సీన్లోనూ కావాలనే ఒక చెత్త లైను పెట్టేవాడు, ఆమె తిట్టాలని. కావాలని రాయనివి కూడా చెత్తగానే ఉండేవి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

చివరికి అన్నయ్యకే ఓపిక నశించింది. "పూటలో అయ్యే పని మీ గొడవల వల్ల రెండ్రోజులు పడుతోంది. ఈ సినిమాతో సరి. తర్వాతి దానికి ఇంకో రైటర్‌తో మాట్లాడాను."

"మంచిది," అన్నారు ఇద్దరూ ఒకేసారి. వాళ్ళు ఒక మాట మీదకు రావడం అదే మొదలు. ఇద్దరి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు.

ఆఖరి సీను వచ్చింది. తెర మీద హీరో పెట్టె పట్టుకుని గుమ్మం దాటుతుంటే హీరోయిన్ మళ్ళీ అదే పాట ఎత్తుకుంది. మనం చాక్ అండ్ చీజ్, అయినా వెళ్ళొద్దు అని.

అతను రాసుకొచ్చిన కాగితాన్ని ఆమె చదివి మడిచి పక్కన పెట్టింది. ఈసారి గట్టిగా తిట్టను కూడా లేదు.

"ఎవరినైనా వెళ్ళొద్దని ఎప్పుడైనా అడిగారా?"

"లేదు."

"తెలుస్తోంది. రాయొద్దు, నోటితో చెప్పండి. ఆవిడ స్థానంలో మీరుంటే ఏమంటారు?"

అతను తెర వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. డిక్షనరీలో ఒక్క పేజీ కూడా అక్కరకు రాలేదు.

"మనిద్దరికీ ఎందులోనూ పడదు. పడకపోతే పడకపోయింది. రేపు కూడా వచ్చి... తిట్టు."

ఆమె తెర మీద హీరోయిన్ పెదాల వైపు చూసింది. "చివర్లో లిప్ కుదర్లేదు. ఆవిడ పెదాలు మూసి తెరిచింది. పా, బా, మా ఏదో ఒకటి పడాలి."

"పోట్లాడు?"

"రేపు కూడా వచ్చి పోట్లాడు," అని మెల్లగా అనుకుని చూసింది. "కుదిరింది. కానీ మీరు 'నువ్వు'లోకి దిగిపోయారు."

"ఇంగ్లీషులో మీరైనా నువ్వైనా ఒకటే..."

"ఇంగ్లీషు మీదకు నెట్టకండి."

"సరే. నేనే అన్నాను. సినిమా కోసం కాదు. నీతో అన్నాను."

"ఒక్క తెలుగు వాక్యం చెప్పడానికి ఇంతకాలం పట్టిందన్నమాట!" అని హెడ్‌ఫోన్ పెట్టుకుంది. ఎర్రలైటు వెలిగింది. తెర వైపు చూడకుండా, అద్దంలోంచి అతన్నే చూస్తూ లైను చెప్పింది. ఆఖరి మాట దగ్గర తెర మీద పెదాలు కూడా సరిగ్గా కలిశాయి.

"టేక్ ఓకే," అన్నాడు అన్నయ్య.

"అన్నయ్యా, ఆ కొత్త రైటర్‌ని రావద్దని చెప్పు."

"ఏం, ఇతని రాత బాగుపడిందా?"

"లేదు, చెత్తే. కానీ దాన్ని తిట్టే పని ఇంకెవరికీ ఇవ్వను."

అన్నయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసి తల పట్టుకున్నాడు. "సరే, ఇంటికెళ్ళి అమ్మకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? బావగారు చెప్తే మాత్రం ఆవిడకు ముక్క అర్థం కాదు."