కామాక్షయ్య వల వేసే చోటు

"మా నాయన వల యాడేస్తాడో మా అమ్మకే పెళ్లైన మూణ్ణెల్లకి గానీ చెప్పలా. నీ యాప్‌కి ఎట్టా తెలిసిందబ్బయా?"

వెన్నెల ఫోన్‌ని చిన్నబాబు ముఖానికి ఆనించి నిలదీసింది. పులికాట్ ఒడ్డు పల్లెల్లో వాతావరణం చెప్పే యాప్ ఎక్కించడం అతని ఉద్యోగం. రోజూ గూడూరు నుంచి బైక్ మీద వస్తాడు. వెన్నెల తండ్రి కామాక్షయ్య జేబులోని ఫోన్ ఎక్కడికి వెళ్తే అదల్లా యాప్ గుర్తుపెట్టుకుని, 'ఇక్కడ చేపలెక్కువ' అంటూ ఊరందరికీ ఎర్రచుక్క చూపించింది. పొద్దున ఆ చుక్క చుట్టూ పదకొండు పడవలు. కామాక్షయ్య ఖాళీ వలతో తిరిగొచ్చాడు.

"పర్మిషన్ ఇచ్చారు కదండీ..."

"ఎవురిచ్చినారు? అందరి ఫోన్లూ చేపల బుట్టలో వేసుకోని, నువ్వే కదా టకటకా ఓకే నొక్కినావు! ఆ చోటే మాకు కూడు పెడతా ఉండేది."

నిజమే. చిన్నబాబుకి చచ్చేంత సిగ్గేసింది. అయినా పాడు మనసు, ఆ కోపంలో ఆమె ముక్కుపుడక ఎంత బాగుందో చూస్తూనే ఉంది.

మర్నాటి నుంచి గడపగడపకీ తిరిగాడు. ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవచ్చనీ, తీసుకున్న వివరాలు చెరిపేయమని అడిగే హక్కు కొత్త చట్టంలో ఉందనీ తెలుగులో చదివి వినిపించాడు. అడిగినవాళ్ల చేత దరఖాస్తు పెట్టించాడు. వెన్నెల కాపలాగా వెంట నడిచింది.

"ఒక్క ముక్క మింగినా ఊరుకోను," అంది. వాన మొదలయ్యాక మాత్రం గొడుగు కొంచెం అతని వైపు జరిపింది.

కంపెనీ చుక్కని తీసేసింది. చిన్నబాబునీ తీసేసింది.

"ఇంక రానండీ. పని లేదుగా," అన్నాడు చివరి రోజు.

"పనుంటేనే వస్తావా?" అనేసి వెన్నెల నాలుక కరుచుకుంది.

"పని కోసమే అయితే ఒక్కో ఇంట్లో రెండేసిసార్లు ఎందుకు చదువుతాను? నువ్వంటే నాకిష్టం వెన్నెలా. నీకు?"

"అబ్బో! ఈసారి నువ్వే నొక్కెయ్యకుండా అడిగినావే," అంటూ నవ్వింది. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. "నాకూ ఇష్టమే. పోయి నాయన్ని అడుగు."

అరుగు మీద వల బాగుచేసుకుంటున్న కామాక్షయ్య అంతా విన్నాడు, తల ఎత్తలేదు.

"ఈతొచ్చా?"

"రాదండీ."

"నేర్పిస్తాలే. రేపు పొద్దున్నే పడవెక్కు. కొత్త చోటొకటి చూసినాను, చూపిస్తా. ఫోను ఇంట్లో పెట్టి రా. ఎవురికీ చెప్పమాక."

లోపల్నుంచి మాలకొండమ్మ మొగుడి మీద గయ్యిమంది.

"నాకు పెళ్లైన మూణ్ణెల్లకి చెప్పినావు. ఈ పిల్లోడికి ముందేనా!"